ఎడమ చేతిలోది

భోజనాలయ్యాయి, గిన్నెలు కడిగే చప్పుడూ ఆగిపోయింది, పిల్లల సంక్షేమ కమిటీ మేడం మాత్రం ఇంకా రాలేదు. బయల్దేరామని ఇందాకే ఫోన్ వచ్చింది కాబట్టి ఎంత లేదన్నా ఓ గంటలో వచ్చేస్తారు, ఆ గంట ఎట్లా గడపాలో తోచక బాలమణి వరండా మెట్ల మీద రెండు ఫొటోలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒకటి ఈ ఇంటిదే. జగిత్యాల నుంచి కోరుట్ల పోయే దారిలో, పసుపు చేల పక్కన, ఎవరికీ అక్కర్లేకపోయిన పిల్లలు కొందరు తమ ఇల్లనుకుని ఉంటున్న ఈ హోమ్‌దే, గంగ మంచమూ గంగ బీరువా గంగ దువ్వెనా కనిపించేట్టు తీశారు. రెండోది సిరిసిల్లలో ఓ రేకుల గది, గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడ్డ ఒకామె. నవ్వమని చెప్పి ఉంటారు, నవ్వబోయి ఆగిపోయినట్టుంది మొహం. ఆమె పేరు రజని, గంగను కన్నతల్లి. పిల్లకు ఏడేళ్లప్పుడు సిరిసిల్ల బస్టాండులో కూర్చోబెట్టి పోయింది, మళ్లీ ఏడేళ్లకు, కొత్త జిల్లాలు పడ్డాక, వచ్చి నా బిడ్డ నాకు కావాలంది. కావాలన్నంత మాత్రాన ఇచ్చేస్తారా, వద్దన్నంత మాత్రాన ఆపేస్తారా, ముందు పిల్లనడగాలి కదా అన్నది ఇక్కడి పద్ధతి. గంగకు మాటలు రావు. అందుకని బాలమణి ఈ ఫొటోలు చెరో చేత్తో పట్టుకుని చూపించాలి, గంగ ఏది అందుకుంటే అదే గంగ మాటగా మేడం రాసుకుంటుంది. ఉంటుందో పోతుందో దాన్ని బట్టే తేలుతుంది.

వరండా ఆ చివర గంగ ఎర్ర చుడీదారు అంచుకు బాలమణి ఇచ్చిన బట్టల క్లిప్పులు వరసగా పెట్టుకుంటోంది. పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. పెట్టేటప్పుడు ఏమనుకుంటుందో, తీసేటప్పుడు ఏమనుకుంటుందో, బాలమణికి ఏడేళ్లుగా ఇదే చింత. చింత కూడా కాదు, కుతూహలం, మూత పెట్టిన గిన్నె చూస్తే ఏముందోనని చెయ్యి లాగినట్టు. వాన రాకముందే నవ్వుతుంది ఈ పిల్ల, మబ్బు చూసా, మట్టి వాసనకా? రోడ్డు మీద బస్సు పోతే తల తిప్పుతుంది, లారీ పోతే తిప్పదు. అద్దం ముందు ఒక్క క్షణం నిలబడదు గానీ బకెట్ నీళ్లలో మొహం చూసుకోమంటే పూటంతా చూసుకుంటుంది. డాక్టరు బుద్ధి నిదానంగా ఎదుగుతుందన్నాడు, సరే ఎదగనీ, ఎదిగినంత మేరలో ఏముందో ఎవరన్నా చెప్తే బాగుండు. అయినా మాటలొచ్చినవాళ్ల సంగతి మాత్రం తెలిసిందేముంది! మొగుడు రాజలింగం మస్కట్ నుంచి ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు, మంచిగనే ఉన్న అంటాడు. మల్లాపూర్‌లో తాటిచెట్లెక్కిన మనిషి అక్కడ ఖర్జూరపు చెట్లెక్కుతున్నాడు, ఏ దేశం పోయినా మనకు చెట్టు తప్పదే అని నవ్వుతాడు, ఆ నవ్వు తర్వాత కాసేపు ఏమీ వినపడదు. ఆ వినపడని దాంట్లో ఏముందో బాలమణికి ఎన్ని శుక్రవారాలైనా అంతుచిక్కలేదు. గంగ ఇంకో క్లిప్పు పెట్టుకుంది, పచ్చది.

ఈ పనిలో చేరిన కొత్తలో తను ఎంత తలబిరుసుగా ఉండేదో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గే. బీడీల పని నెలలో సగం రోజులు కూడా దొరకని రోజులవి, చేటలో ఆకు లేదు, చేతిలో పని లేదు, కోరుట్ల గల్లీల్లో మగవాళ్లంతా పాస్‌పోర్టులు పట్టుకుని ఏజెంట్ల చుట్టూ తిరుగుతున్నారు. పిల్లలకు అన్నం పెట్టి ఒళ్లు కడిగే పనే కదా, వచ్చెయ్యి అంటే వచ్చేసింది. వచ్చిన మొదటి పూటే గంగ గదిలోకి చెప్పాపెట్టకుండా దూరితే ఇక్కడి పెద్ద, ప్రేమలత మేడం, వెనక్కి పిలిచి తలుపు కొట్టి రమ్మంది. బాలమణికి నవ్వొచ్చింది.

"తలుపు కొట్టుడేంది మేడం? గా పిల్లకేమెరుక?"

"నువ్వు తానం చేస్తుంటే నేను గిట్లనే దూరితే నీకెట్లుంటది బాలమణీ?"

అంతే. ఇట్లాంటి పద్ధతులు ఈ ఇంట్లో బోలెడు. పిల్ల పక్కనుండగా పిల్ల గురించి ఆమె లేనట్టు మాట్లాడకూడదు. ఎవరి సబ్బు వాళ్లదే, ఎవరి తువ్వాలు వాళ్లదే. పాపం అనే మాట గేటు బయటే వదిలేసి రావాలి. మొదట్లో ఇదంతా పట్నం పోకడ అనిపించేది, ఇంటికి పోయి ఆడబిడ్డ దగ్గర చెప్పి నవ్వేది కూడా. తర్వాత్తర్వాత తన ఇంట్లోనే తన గదికి గడియ లేదని, అత్త ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేస్తుందని గుర్తొచ్చి నవ్వడం మానేసింది. అన్నిటికంటే పెద్ద పద్ధతి అడగడం. మాట రాని పిల్లను ఎట్లా అడుగుతాం అంటే, రెండు చేతులున్నాయి కదా అంది ప్రేమలత మేడం. ఇడ్లీ ఒక చేత్తో, ఉప్మా ఒక చేత్తో, ఏది అందుకుంటే అది. నీలం చుడీదారు, ఎర్ర చుడీదారు. బంతి, రంగుల పెన్సిళ్లు. తొందర పెట్టొద్దు, చెయ్యి వచ్చేదాకా ఆగాలి. ఆగడం బాలమణికి చచ్చేంత కష్టమైంది, బీడీలు చుట్టిన చేతులకు ఆగడమేం తెలుసు. కానీ నేర్చుకుంది. గంగ చెయ్యి మెల్లగా లేచి వచ్చి ఎర్ర చుడీదారు అందుకున్న పొద్దున, ఓసి నీ ఇల్లు బంగారంగాను, నీకూ ఓ ఇష్టముందా అని కళ్లు తుడుచుకుంది. అప్పట్నుంచి గంగకు ఎరుపు ఇష్టమనీ, ఇడ్లీ ఇష్టమనీ, బంతి వద్దు పెన్సిళ్లు కావాలనీ ఇంటిల్లిపాదికీ తెలుసు. కొత్తగా ఎవరొచ్చినా బాలమణే చెప్తుంది, కొంచెం గొప్పగానే చెప్తుంది.

వంట చేసే మల్లవ్వ పళ్లెం నిండా జామకాయ ముక్కలు తెచ్చి పక్కన పెట్టి, చెట్టు మీది చిలకలకు మిగిలినవి ఇవే అని గొణుక్కుంటూ లోపలికి పోయింది. సగం ముక్కలకు ఉప్పూ కారం, సగం ఉత్తవి. ఫొటోలకు చెమట అంటుతుందని వాటిని కుడిచేతి మునివేళ్లతో జాగ్రత్తగా ఎత్తి పట్టుకున్న బాలమణి, దగ్గరికొచ్చి నిలబడ్డ గంగకు ఎడమ చేత్తోనే ఓ ముక్క తీసిచ్చింది. గంగ ముక్కను చూసింది. గుటక మింగింది. చెయ్యి మాత్రం వెనక్కి పెట్టుకుంది. వద్దా, జామకాయంటే ఎగబడేదానివి కదే? ఇంకొంచెం ముందుకు చాపింది, గంగ ఒక అడుగు వెనక్కి వేసింది, కళ్లు ముక్క మీదే ఉన్నాయి. ఏమిటిది అనుకుని ఫొటోలు ఒళ్లో పడేసి అదే ముక్క కుడిచేతిలోకి మార్చి ఇస్తే ఠక్కున అందుకుని నోట్లో వేసుకుంది. బాలమణి నవ్వింది, అబ్బో, మర్యాద తెలిసిన పిల్లవే, ఎడమ చేత్తో ఇస్తే పుచ్చుకోవా అంది, అని ఊరుకుంది. ఊరుకుంది గానీ ఆ మాట ఊరుకోలేదు, లోపల ఎక్కడో తిరగడం మొదలుపెట్టింది. ఎడమ చేత్తో ఇస్తే పుచ్చుకోదు. ఎడమ చేత్తో ఇస్తే. మరి ఉప్మా ఏ చేత్తో పట్టుకున్నాను నేను?

గబగబా లేచి రెండు క్లిప్పులు తీసుకుంది, నీలం కుడిచేతిలో, ఎరుపు ఎడమచేతిలో. గంగా, ఏది కావాలె? ఎరుపంటే ప్రాణం పెట్టే గంగ నీలం క్లిప్పు తీసుకుంది. చేతులు మార్చింది. ఎరుపు తీసుకుంది. ఉత్త ముక్క కుడిచేత, కారం ముక్క ఎడమచేత, ఉత్తది తీసుకుంది, మార్చితే కారంది తీసుకుంది. మళ్లీ. మళ్లీ అంతే. బాలమణి ధబాలున మెట్టు మీద కూలబడింది. ఎరుపు ఎవరికిష్టం? తనకు. పెళ్లిలో కట్టిన చీర ఎరుపు, బజారుకు పోతే ముందు చూసేది ఎరుపు, ఏది నచ్చితే అది తన కుడిచేతిలోకే కదా వస్తుంది! ఇడ్లీ తనకిష్టం, ఉప్మా గొంతు పట్టుకుంటుంది. బంతి ఇస్తే పడేసుకుంటుంది, తేవడానికి పరిగెత్తాలి, పెన్సిళ్లయితే హాయిగా ఓ మూల కూర్చుంటుంది. ఏడేళ్లుగా ఈ పిల్ల నా బట్టలు కట్టింది, నా తిండి తిన్నది, నా బద్ధకం ఆడుకున్నది. పిల్లను అడుగుతున్నామని ఇంతమందిమి మురిసిపోతూ ఎవరినడిగాం? అద్దంలో నన్ను నేను అడుక్కున్నాను. నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్లు మండాయి. గంగ వచ్చి ఆమె భుజానికో క్లిప్పు పెట్టి పోయింది.

అప్పుడెప్పుడో, గంగను తెచ్చిన కొత్తలో, పోలీసాయన చెప్పిన మాట ఒకటి బాలమణికి ఇప్పుడు తగిలింది. బస్టాండులో చాయ్ కొట్టు గంగారాం చెప్పాడట, పొద్దుటి నుంచీ కదలకుండా కూర్చుంది సార్, కొందరిచ్చింది తింటది, కొందరిచ్చింది ముట్టదు, కడుపు కాలుతున్నా ముట్టదు, ఎందుకో తెల్వది అని. అప్పుడందరూ ఆ పిల్లకు తెలియక అనుకున్నారు. తెలియక కాదు, తెలిసే. ఎవరో నేర్పారు. ఏడేళ్లు నిండకముందే నేర్పారు. పేరు పిలిస్తే పలకడం నేర్పాలని ఈ ఇంట్లో నెలల తరబడి తంటాలు పడ్డారు, ఇప్పటికీ ఇక్కడ పెట్టిన గంగ అన్నా పలకదు, తల్లి పెట్టిన ఉమారాణి అన్నా పలకదు, అది వేరే సంగతి. అట్లాంటి పిల్లకు ఒక చెయ్యి వేరు, ఇంకో చెయ్యి వేరు అని తెలియాలంటే ఎన్ని రోజులు, ఎన్ని బిస్కెట్లు, ఎంత ఓపిక. ఎవరు కూర్చున్నారు అంతసేపు? బస్టాండులో వదిలేసి పోయిన ఆడదానికి గుండె ఉంటుందా అని తను ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు. ఇప్పుడా తిట్టు నోట్లోకి రావడం లేదు, దాని బదులు ఆమెను చూడాలనిపిస్తోంది, పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ అడగాలనిపిస్తోంది.

ఒళ్లో రెండు ఫొటోలు. ఇంతకుముందు అవి మామూలు ఫొటోలు, ఇప్పుడు ముట్టుకోవాలంటే భయం. ఏది కుడిచేత పట్టుకుంటే అది. ఈ ఇంటి ఫొటో కుడిచేత పట్టుకుంటే గంగ ఇక్కడే ఉంటుంది, పొద్దున్నే తలుపు కొడితే లోపల మంచం కిర్రుమంటుంది, వాన రాకముందు నవ్వుతుంది. ఎవరికీ తెలియదు, ప్రేమలత మేడానికి కూడా. అబద్ధమాడినట్టు కూడా కాదు, ఎప్పుడూ పట్టుకున్నట్టే పట్టుకోవడం. ఆ రేకుల గదిలో ఏముందని? ఆ తల్లి పొద్దంతా, మళ్లీ తెరిచిన మరమగ్గాల షెడ్డులో కండెలు చుడుతుందట, పిల్లను ఎవరు చూస్తారు, తలుపేసి పోతుందా? ఎవరన్నా తలుపు కొట్టి వస్తారా? బాలమణి ఈ ఇంటి ఫొటో కుడిచేతిలోకి తీసుకుంది, చూసింది, కడుపులో చల్లగా అనిపించింది. ఆ చల్లదనం మీదే అనుమానమొచ్చింది. ఎరుపు చుడీదారు పట్టుకున్నప్పుడు కూడా ఇట్లాగే హాయిగా ఉండేది కదా! పోనీ చేతులు మారిస్తే? అప్పుడూ తన మాటే అవుతుంది, కాకపోతే త్యాగం చేశానని ఏడవడానికి వీలుంటుంది. గంగ ఏమనుకుంటుందో తెలియాలి. ఏడేళ్లలో మొదటిసారి నిజంగా తెలియాలి. రెండు జామకాయ ముక్కలు నేల మీద కాగితంలో పెట్టి, తీసుకో అంది. గంగ ముక్కల వంక చూడలేదు, బాలమణి అరచెయ్యి వంక చూసి కూర్చుంది, ఇస్తావు కదా అన్నట్టు. ఎవరూ ఇవ్వందే ముట్టదు. బాలమణి ఆగింది, ఆగింది, చీమలొచ్చాయి గానీ గంగ చెయ్యి రాలేదు. గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడైంది.

కమిటీ మేడం మంచి మనిషి, వస్తూనే చెప్పులు విప్పి, గంగకు ముందు దండం పెట్టి, తర్వాతే పెద్దవాళ్లను పలకరించింది. వెనక ప్రేమలత మేడం. ఆ వెనక రజని, ఫొటోలో కంటే సన్నగా, జుట్టులో నూలు పోగులు అంటుకుని, ఉతికిన చీర కట్టుకున్నా షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది. అందరూ హాల్లో చాప మీద కూర్చున్నారు. గంగ కిటికీ వంక చూస్తోంది. ఇక చూపించండి బాలమణిగారూ అంది మేడం. బాలమణి చూపించలేదు, ఫొటోలు ఒళ్లో బోర్లించి రజని వంక తిరిగింది.

"చెల్లే, ఒకటడుగుత. ఎడమ చేత్తో ఇస్తే తీస్కోవద్దని నేర్పింది నువ్వేనా?"

రజని ఉలిక్కిపడింది. అడుగుతారని ఆమె ఎన్నో అనుకుని వచ్చి ఉంటుంది, ఎందుకొదిలేశావు, ఎట్లా పోయావు, ఇన్నేళ్లు ఏం చేశావు, వాటన్నిటికీ జవాబులు వల్లెవేసుకుని ఉంటుంది, ఇది మాత్రం అనుకోలేదు.

"ఇంకా యాదికున్నదా దానికి?" అంది, గంగ చేతుల వంక చూస్తూ. "నేనే నేర్పిన అక్కా. సాంచాల కాడ నేను కండెలు చుట్టంగ పక్కన కూసుండేది. పనోళ్లు ఏదన్న తినుకుంట దీనికింత ఇద్దురు. మంచోళ్లు మంచిగనే ఇద్దురు. కొందరు ఎక్కిరిచ్చుకుంట, కుక్కకేసినట్టు, ఎడమ చేత్తో ఇద్దురు. ఇది నవ్వుకుంట తీస్కునేది, వాళ్లు మల్ల నవ్వేటోళ్లు. నాకు పానం పోయినట్టయ్యేది. మా అత్త అన్నది, దానికేం నేర్పినా రాదు, నీ పని నువ్వు చేస్కో అని. గదొక్కటన్న నేర్పాలె అనుకున్న. ఆకలైనా సరే, గట్లిస్తే తీస్కోవద్దని. రొండేండ్లు పట్టింది."

సాంచాలంటే మరమగ్గాలు. ఆ తర్వాత ఆ సాంచాలు ఆగిపోయాయి, కరెంటు కోసిన షెడ్లలో గబ్బిలాలు చేరాయి, మొగుడు మగ్గాల పనికని భీవండి పోయి తిరిగి రాలేదు, వెతుక్కుంటూ పోవడానికి ఆమెకు ఒంటరిగా తప్ప దారి లేకపోయింది. అదంతా రజని చెప్పింది, కూసో బిడ్డా ఇప్పుడే అస్త అని బస్టాండులో చెప్పిన మాట దగ్గర ఆగిపోయింది.  బాలమణి కళ్ల ముందు ఆ షెడ్డే ఉంది. ఎడమ చెయ్యి చాపిన ఎవడో, చేతులు వెనక్కి పెట్టుకున్న ఇంత పిల్ల. ఈ ఇంట్లో ఇన్ని పద్ధతులు పెట్టుకున్నాం, గౌరవం గౌరవం అని, గౌరవం ఈ పిల్ల తనతోనే తెచ్చుకుంది, మేం రోజూ ఒక ఎడమ చెయ్యి చాపి నిలబడ్డాం. సిగ్గేసింది, సిగ్గు వెనకే ఏదో సంతోషం కూడా. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పేసింది, జామకాయ, క్లిప్పులు, ఎరుపు రంగు, అన్నీ. ప్రేమలత మేడం రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. ఇన్నేండ్లు మనకు తట్టలే చూడు, అంది లోపల్నుంచి.

"మరిప్పుడెట్ల?" అంది కమిటీ మేడం.

బాలమణి ఫొటోలు రెండూ చాప మీద పక్కపక్కన పెట్టి చేతులు కొంగులో దాచుకుంది. "గంగా, ఇయ్యాల నేనియ్య. నువ్వే తీస్కో. నీ ఇష్టమున్నది తీస్కో." గంగ చేతుల కోసం వెతికింది, కొంగు వంక చూసింది, మేడం చేతుల వంక చూసింది, ఆమె కూడా వెనక్కి పెట్టుకుంది. అందరి చేతులూ దాక్కున్నాయి. రజని కూడా దాచుకుంది గానీ ఆగలేక ముందుకు వంగింది. "తీస్కో బిడ్డా, ఎవ్వరేమనరు," అంది, ఏది తీసుకోమని అనలేదు, అనకుండా ఉండటానికి ఆమె పళ్లు బిగపట్టడం బాలమణి చూసింది. ఫ్యాను తిరుగుతోంది, ఫొటోల అంచులు లేస్తున్నాయి. ఏం జరుగుతోంది లోపల? పలచటి ఆ నుదుటి వెనక ఇప్పుడు బస్సు పోతోందా, వాన వస్తోందా? ఇంతకాలం గంగ ఏం చేస్తుందో బాలమణికి ముందే తెలిసేది, ఇప్పుడు ఏమాత్రం తెలియడం లేదు, తెలియకపోవడం ఇంత బాగుంటుందని కూడా తెలియదు.

గంగ చెయ్యి లేచింది. రేకుల గది మీదికి పోయి ఆగింది. ఇటు తిరిగి మంచం మీదికి వచ్చి ఆగింది. తర్వాత రెండో చెయ్యి కూడా లేచింది, చెరో చేత్తో చెరో ఫొటో పట్టుకుని లేచి నిలబడి, వెలుతురు కోసం కిటికీ దగ్గరికి పోయింది. ఎవరూ ఇవ్వకుండా గంగ ఏదన్నా తీసుకోవడం బాలమణి చూడటం ఇదే మొదలు. అది చూస్తుంది, ఇది చూస్తుంది, మళ్లీ అది. ఒకసారి గుమ్మంలో నిలబడ్డామె మొహానికి ముక్కు ఆనించి చూసింది. ఒకసారి బీరువా మీద వేలు పెట్టింది. ఏదీ కింద పెట్టలేదు, ఏదీ ఎవరికీ ఇవ్వలేదు. మేడం చాలాసేపు ఓపిక పట్టి, పెన్ను మూత తీసి, బాలమణి వైపు వంగి మెల్లగా అడిగింది.

"రెండూ పట్టుకుంది కదమ్మా. ఏమని రాసుకోను?"

"ఆలోచన చేస్తున్నదని రాసుకోండ్రి మేడం."

మేడం ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, నవ్వకుండా, అదే రాసుకుంది. ఎన్ని రోజులన్నా ఆలోచించుకోనీ, మళ్లీ వస్తాం అని ప్రేమలత మేడంతో అంది. రజని కొంగుతో మొహం తుడుచుకుంది, సిరిసిల్ల బస్సు ఎన్నింటికని ఎవరినీ అడగలేదు, జరిగి వచ్చి బాలమణి పక్కన కూర్చుని తనూ కిటికీ వంక చూడసాగింది.